రక్తనాళ కణాల ప్రోటీన్ స్రావం: సెల్ కల్చర్ పద్ధతుల ప్రభావం

రక్తనాళాల గోడల్లోని కణాలు నిరంతరం ప్రోటీన్లను తయారుచేసి బయటికి వదులుతుంటాయి. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడేవి, కట్టిన గడ్డను కరిగించేవి, నాళాన్ని బిగించేవి, గోడకు బలమిచ్చేవి, తెల్లకణాలను రప్పించేవి ఇలా ఎన్నో రకాలు వీటిలో ఉన్నాయి. వీటిలో చాలావాటి గురించి మనకు మొదట తెలిసింది ప్లాస్టిక్ పాత్రల్లో పెంచిన కణాల ద్వారానే. ఆ పాత్రలో ఏ ద్రవం పోశారు, అది కదులుతోందా నిలిచి ఉందా, ఆక్సిజన్ ఎంత, కణాలు ఒత్తుగా ఉన్నాయా పలచగా ఉన్నాయా అనేదాన్ని బట్టి స్రావం పెరగడం తగ్గడమే కాదు, స్రవించే ప్రోటీన్ల జాబితా కూడా మారిపోతుంది. ఈ రంగంలో యాభై ఏళ్లుగా వచ్చిన ఫలితాలను వరుసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. మామూలు కల్చర్ పాత్రలో రక్తనాళ కణం ఉన్న స్థితి ఆరోగ్యంగా ఉన్న నాళం కంటే గాయపడిన నాళానికే దగ్గర. కల్చర్ ఫలితాలను చదివేటప్పుడు ఈ సంగతిని లెక్కలో వేసుకోవాలి.

ఈ అధ్యయనాల్లో ముఖ్యంగా కనిపించేవి రెండు రకాల కణాలు. నాళం లోపలి వైపు, రక్తానికి ఆనుకుని, ఒకే కణం మందాన పరుచుకున్న పొర ఎండోథీలియం. దాని వెనుక మధ్య పొరలో నునుపు కండర కణాలుంటాయి. సూక్ష్మనాళాల్లో వీటి స్థానంలో పెరిసైట్లు కనిపిస్తాయి. పెద్దవారి శరీరంలో ఈ కణాలు విభజన చెందడం చాలా అరుదు. కల్చర్‌లో మాత్రం ఒకటి రెండు రోజులకోసారి రెట్టింపవుతుంటాయి. తేడా ఇక్కడే మొదలవుతుంది.

బొడ్డుతాడు నుంచి ఫ్లాస్క్ దాకా

మనిషి ఎండోథీలియల్ కణాలను నమ్మకంగా పెంచే పద్ధతిని 1973లో న్యూయార్క్‌లో ఎరిక్ జాఫీ, రాల్ఫ్ నాక్‌మన్ బృందం ప్రకటించింది. కాన్పు తర్వాత పారేసే బొడ్డుతాడే వాళ్ల ముడిసరుకు. బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. సిర వెడల్పుగా, పలచని గోడతో ఉండడం వల్ల పని తేలిక. దాని ఒక కొసకు సన్నని గొట్టం బిగించి, లోపలి రక్తం పోయేదాకా ఉప్పు ద్రావణంతో కడుగుతారు. తర్వాత కొల్లాజనేజ్ అనే ఎంజైమును నింపి రెండు కొసలూ బిగించి, శరీర ఉష్ణోగ్రత దగ్గర కాసేపు ఉంచుతారు. ఎండోథీలియం కింద ఉన్న పట్టును ఎంజైము వదులు చేస్తుంది. మళ్లీ ద్రావణం పంపితే కణాలు ఊడి గుంపులు గుంపులుగా బయటికి వస్తాయి. ఎంజైమును మరీ ఎక్కువసేపు ఉంచితే కింది పొరల్లోని కండర కణాలు కూడా కలిసి వస్తాయి. అప్పుడు స్రావంలో కనిపించే కొల్లాజెన్ ఎవరిదో తేల్చడం కష్టం. ఊడివచ్చిన కణాలను జెలటిన్ పూసిన పాత్రలో వేస్తే కొన్ని రోజుల్లో పరచిన గులకరాళ్లలా ఒకదానికొకటి ఆనుకుని నిండిపోతాయి.

అవి నిజంగా ఎండోథీలియల్ కణాలేనని నిరూపించడానికి ఆ బృందం చూపిన ఆధారాల్లో రెండు స్రావానికి సంబంధించినవే. ఒకటి వైబెల్-పలాడీ కణికలు. కడ్డీల్లా ఉండే వీటిని ఎవాల్డ్ వైబెల్, జార్జ్ పలాడీ 1964లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద గుర్తించారు. రెండోది అప్పట్లో ఎనిమిదో గడ్డకట్టే కారకానికి చెందినదిగా భావించిన ఒక ప్రోటీన్. అది నిజానికి వాన్ విల్లెబ్రాండ్ కారకమనీ, ఆ కణికల్లో నిల్వ ఉండేది కూడా అదేననీ తర్వాత స్పష్టమైంది. అసలు ఎనిమిదో కారకాన్ని బొడ్డు సిర కణాలు చెప్పుకోదగినంతగా తయారుచేయవు. కాలేయంలోని సూక్ష్మనాళాల ఎండోథీలియం తయారుచేస్తుంది. ఈ ప్రోటీన్ పుట్టుక ఎండోథీలియంలోనే అని ఎలుకలపై చేసిన జన్యు ప్రయోగాలు గట్టిగా చెప్పేసరికి 2014 వచ్చింది. ఏ నాళం నుంచి తీసిన కణం అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో ఈ ఒక్క ఉదాహరణ చాలు. బొడ్డు సిర కణాలు చౌకగా, సులువుగా దొరుకుతాయి కాబట్టి పాఠ్యపుస్తకాల్లోని ఎండోథీలియం చాలావరకు వాటి బొమ్మే. కానీ గుండె ధమని, మెదడు సూక్ష్మనాళం, కాలేయ నాళిక వాటిలా ప్రవర్తించాలన్న నియమం లేదు.

కణాలను ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రకు మార్చడాన్ని పాసేజ్ అంటారు. ట్రిప్సిన్‌తో ఊడదీసి, పలచన చేసి, కొత్త పాత్రల్లో వేస్తారు. బొడ్డు సిర కణాలతో పనిచేసేవాళ్లు సాధారణంగా ఐదారు పాసేజ్‌లు దాటనివ్వరు. దాటితే వాన్ విల్లెబ్రాండ్ కారకం తగ్గుతూ పోతుంది, కణాలు పెద్దవై విభజన మానేస్తాయి, వయసు మళ్లిన కణాలు వదిలే వాపు సంకేతాలు పెరుగుతాయి. ఒక వ్యాసంలో రెండో పాసేజ్ కణాలు, ఇంకో వ్యాసంలో ఎనిమిదో పాసేజ్ కణాలు వాడి ఫలితాలు కుదరలేదంటే అందులో వింతేమీ లేదు.

సీరం అనే చిక్కు

కల్చర్ ద్రవంలో చక్కెర, లవణాలు, అమైనో ఆమ్లాలు, విటమిన్లతో పాటు పదో వంతు దాకా సీరం కలపడం పాత ఆనవాయితీ. ఎక్కువగా వాడేది ఆవు పిండం నుంచి తీసిన సీరం. సీరం అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం. ఆరోగ్యంగా ఉన్న నాళంలో కణాల పక్కనుంచి పారేది సీరం కాదు, ప్లాస్మా. రక్తం గడ్డకట్టినప్పుడు ప్లేట్‌లెట్లు పగిలి తమలో దాచుకున్నవన్నీ ద్రవంలోకి వదులుతాయి. అంటే సీరం తగిలిన ప్రతి కణానికీ పక్కనే ఎక్కడో రక్తస్రావం జరిగిందన్న కబురు అందుతుంది.

ఈ తేడాను ప్రయోగంతో చూపినవాడు సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రసెల్ రాస్. 1974లో ఆయన బృందం కోతి ధమని నుంచి తీసిన నునుపు కండర కణాలకు రెండు రకాల ద్రవాలు ఇచ్చి చూసింది. గడ్డకట్టిన రక్తపు సీరం ఇస్తే కణాలు జోరుగా విభజన చెందాయి. ప్లేట్‌లెట్లను ముందే తీసేసిన ప్లాస్మా నుంచి చేసిన సీరం ఇస్తే చాలావరకు ఊరుకున్నాయి. దానికే ప్లేట్‌లెట్ల సారాన్ని జోడిస్తే మళ్లీ పెరిగాయి. ప్లేట్‌లెట్ ఉత్పన్న వృద్ధి కారకం వెలికిరావడానికి దారితీసిన పని ఇది. ధమనులు పూడుకుపోవడంపై రాస్ ప్రతిపాదించిన గాయ సిద్ధాంతానికి కూడా ఇది ఊతమిచ్చింది. కల్చర్ పద్ధతిలోని ఒక లోపాన్ని పట్టుకుని లాగితే జబ్బు గురించి ఒక సిద్ధాంతం వచ్చింది. ఈ రంగంలో ఇంత ఫలవంతమైన అనుమానం మరొకటి లేదనే చెప్పాలి.

విభజనతో పాటు స్రావం కూడా మారుతుంది. శరీరంలో నునుపు కండర కణం పని ముడుచుకోవడం, సడలడం. దాని లోపలంతా సంకోచ తంతువులే. కల్చర్‌లో సీరం తగిలాక కొద్ది రోజుల్లో ఆ తంతువులు తగ్గి, ప్రోటీన్లు తయారుచేసే అంతర్జీవ ద్రవ్య జాలం నిండుతుంది. కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్, ప్రోటియోగ్లైకాన్లు గుమ్మరించడం మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో జూలీ కాంప్‌బెల్, గోర్డన్ కాంప్‌బెల్ 1970ల్లో ఈ మార్పును విపులంగా వర్ణించారు. సంకోచ దశ నుంచి సంశ్లేషణ దశకు మారడమని దీనికి పేరు. పాత్ర అడుగున ఏం పూశారన్నది కూడా ఇందులో పాత్ర వహిస్తుంది. స్వీడన్‌లో ఉల్ఫ్ హెడిన్, యోహాన్ ట్యూబెర్గ్ 1980ల్లో చూపినదాని ప్రకారం ఫైబ్రోనెక్టిన్ పూత ఈ మార్పును తొందరపెడుతుంది, లామినిన్ పూత ఆలస్యం చేస్తుంది. ఫైబ్రోనెక్టిన్ రక్తంలో ఉండేది, గాయంలో చేరేది. లామినిన్ ఆరోగ్యంగా ఉన్న కణం చుట్టూ ఉండేది. ఇక్కడ కూడా అదే గాయపు వాసన.

సీరంలో టీజీఎఫ్-బీటా అనే వృద్ధి కారకం కూడా ఉంటుంది. అది కొల్లాజెన్‌ను, గడ్డ కరగకుండా అడ్డుపడే పాయ్-1 ప్రోటీన్‌ను పెంచుతుంది. కల్చర్‌లోని ఎండోథీలియల్ కణాలు గడ్డను కరిగించే టీపీఏ కంటే దాన్ని అడ్డుకునే పాయ్-1ను ఎన్నో రెట్లు ఎక్కువగా వదలడం వెనుక ఇదొక కారణం. ఆ లెక్కనే నమ్మితే మన నాళాలన్నీ ఎప్పుడో పూడుకుపోయి ఉండాలి.

విటమిన్ సి, చక్కెర, ఆక్సిజన్

కొల్లాజెన్ గొలుసుల్లోని ప్రోలిన్‌కు హైడ్రాక్సిల్ సమూహం చేరితేనే మూడు పేటలూ గట్టిగా పెనవేసుకుంటాయి. ఆ పని చేసే ఎంజైముకు విటమిన్ సి కావాలి. చాలా మామూలు కల్చర్ ద్రవాల్లో అది ఉండదు. ఉన్నా 37 డిగ్రీల దగ్గర గంటల్లోనే పాడైపోతుంది. అప్పుడు కణం కొల్లాజెన్ తయారుచేస్తుంది కానీ సరిగా బయటికి పంపలేదు. ఒకరకంగా పాత్రలో స్కర్వీ జబ్బు. రోజూ తాజాగా కలపడమో, నిలకడగా ఉండే ఫాస్ఫేట్ రూపం వాడడమో చేస్తారు. అయితే కొల్లాజెన్‌ను పెంచే ఈ విటమిన్ ఎలుక నునుపు కండర కణాల కల్చర్లలో ఎలాస్టిన్ పోగును తగ్గిస్తుందని 1980లో తేలింది. ధమని గోడను కల్చర్‌లో తిరిగి కట్టాలనుకునేవారికి ఇది ఇప్పటికీ తలనొప్పే.

చక్కెర సంగతి తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. పరగడుపున వంద దాటితే కంగారుపడే రోజులివి. ఎండోథీలియల్ కణాలకు ఎక్కువగా వాడే ద్రవంలో గ్లూకోజ్ డెసిలీటరుకు దాదాపు 100 మిల్లీగ్రాములే. నునుపు కండర కణాలకు తరచుగా పోసే అధిక గ్లూకోజ్ ద్రవంలో మాత్రం డెసిలీటరుకు 450 మిల్లీగ్రాములు ఉంటుంది. అదుపు తప్పిన మధుమేహ రోగి రక్తం లెక్క అది. అధిక గ్లూకోజ్‌లో పెంచిన మనిషి ఎండోథీలియల్ కణాలు ఫైబ్రోనెక్టిన్, నాలుగో రకం కొల్లాజెన్ తయారీని పెంచుతాయని 1988లో ఎన్రికో కాగ్లియెరో, మారా లొరెంజి బృందం చూపింది. మధుమేహంలో సూక్ష్మనాళాల గోడలు మందం కావడానికి అది ఒక వివరణ ఇచ్చింది. అలాంటప్పుడు అధిక గ్లూకోజ్ ద్రవాన్నే మామూలు ద్రవంగా వాడి కొల్లాజెన్ కొలిచిన ప్రయోగాలను ఎలా చదవాలన్నది ఆలోచించాల్సిన విషయం.

ఇంక్యుబేటర్‌లో గాలికి ఐదు శాతం కార్బన్ డయాక్సైడ్ కలుపుతారు. అక్కడ ఆక్సిజన్ పీడనం దాదాపు 140 మిల్లీమీటర్లు. ధమని రక్తంలో అది వందకు కాస్త తక్కువ. సిర రక్తంలో 40. కడుపులోని బిడ్డ బొడ్డు సిరలో 30 దరిదాపుల్లో ఉంటుంది. అంటే అందరూ వాడే ఆ కణాలకు పుట్టి బుద్ధెరిగాక అంత ఆక్సిజన్ తగిలింది ప్రయోగశాలలోనే. ఆక్సిజన్ బాగా తగ్గించినప్పుడు ఈ కణాల్లో నాళాలను బిగించే ఎండోథీలిన్, ప్లేట్‌లెట్ ఉత్పన్న వృద్ధి కారకపు బీ గొలుసు పెరుగుతాయని స్టెల్లా కురెంబనాస్ బృందం 1990, 1991ల్లో చూపింది. ఆక్సిజన్ కొరత అని ఆ ప్రయోగాల్లో పిలిచినది దేనితో పోలిస్తే కొరత అని అడగడం న్యాయమే.

ద్రవంలో కలిపే చిన్నచిన్న దినుసులూ ఊరికే ఉండవు. 1983లో సుసాన్ థార్న్‌టన్ బృందం హెపారిన్‌తో పాటు వృద్ధి కారకం కలిపి మనిషి ఎండోథీలియల్ కణాలను చాలా తరాలు పెంచగలిగింది. అప్పటి నుంచి హెపారిన్ మామూలైపోయింది. కానీ కణాల పైపొరకు అంటుకుని ఉండే టీఎఫ్‌పీఐ వంటి ప్రోటీన్లను అదే హెపారిన్ ఊడదీసి ద్రవంలోకి తెస్తుంది. కొలిచేవారికి స్రావం పెరిగినట్టు కనిపిస్తుంది. హైడ్రోకార్టిసోన్ కలిపిన ద్రవంలో వాపు సంకేతాలు అణిగి ఉంటాయి. బ్యాక్టీరియా ఎండోటాక్సిన్‌కు ఎండోథీలియల్ కణాలు స్పందించాలంటే సీరంలోని కరిగిన సీడీ14 ప్రోటీన్ సాయం కావాలి. సీరం తీసేస్తే ఆ స్పందన బాగా తగ్గిపోతుంది.

ప్రవాహం

ఎండోథీలియం పుట్టిన దగ్గర నుంచి రక్తపు రాపిడిని భరిస్తూ ఉంటుంది. ధమనుల్లో ఇది చదరపు సెంటీమీటరుకు సాధారణంగా 10 నుంచి 20 డైన్‌లు, సిరల్లో 1 నుంచి 6. ఫ్లాస్క్‌లో సున్నా. 1980ల మొదట్లో కణాలపై నియంత్రిత ప్రవాహం పంపే పరికరాలు రావడంతో ఈ లోటు బయటపడింది.

హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో స్కాట్ డైమండ్, సుజాన్ ఎస్కిన్, లారీ మెకింటైర్ 1989లో బొడ్డు సిర కణాలపై వేర్వేరు వేగాలతో ద్రవాన్ని పారించారు. 5 డైన్‌ల లోపు టీపీఏ స్రావంలో మార్పు లేదు. 15 డైన్‌ల దగ్గర అది నిశ్చల కల్చర్‌తో పోలిస్తే 2.1 రెట్లయింది, 25 దగ్గర 3 రెట్లు. పాయ్-1 మాత్రం కదల్లేదు. అంటే గడ్డను కరిగించే సామర్థ్యం ఎండోథీలియంలో ఉంది. ఫ్లాస్క్‌లో అది నిద్రపోతోంది. గంటలకొద్దీ సాగే నిలకడైన ప్రవాహం కేఎల్ఎఫ్2 అనే జన్యు నియంత్రకాన్ని లేపుతుందనీ, దాని ద్వారా గడ్డకట్టనివ్వని స్వభావం పెరిగి ఎండోథీలిన్ తగ్గుతుందనీ 2000ల తర్వాత తెలిసింది.

ఎండోథీలిన్ కథ ఇంకో వైపు నుంచి ఆసక్తికరం. నాళాలను గట్టిగా బిగించే ఈ 21 అమైనో ఆమ్లాల పెప్టైడును 1988లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయంలో మసాషి యనగిసావా, తొమోహ్ మసాకి బృందం కనుగొంది. పంది బృహద్ధమని ఎండోథీలియల్ కణాలను పెంచి, వాటి మీద నిలిచిన ద్రవం నుంచి వేరుచేసింది. నిలకడైన ప్రవాహం కింద ఎండోథీలిన్ తగ్గుతుందని తర్వాత తేలింది. కాబట్టి నిశ్చల ఫ్లాస్క్ ఆ ఆవిష్కరణకు అడ్డు కాలేదు సరికదా, బహుశా సాయపడింది. ఊపిరితిత్తుల రక్తపోటుకు వాడే బోసెంటాన్ మందు ఈ దారిలోనే వచ్చింది. కల్చర్ వక్రతలన్నీ నష్టమే అనుకోనక్కర్లేదు.

ప్రవాహం లేకపోతే కంటికి కనబడని రూపాలూ ఉంటాయి. హిస్టమిన్ తగిలిన నిమిషాల్లో వైబెల్-పలాడీ కణికలు పగిలి వాన్ విల్లెబ్రాండ్ కారకం బయటికి వస్తుంది. నిశ్చల ద్రవంలో అది కణాల మీద చిక్కుపడి కూర్చుంటుంది. ద్రవం పారుతుంటే అదే ప్రోటీన్ పొడవాటి దారాలుగా సాగి, వాటి మీద ప్లేట్‌లెట్లు పూసల్లా వరుసగా అంటుకోవడం మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది. ఆడమ్‌ట్స్13 ఎంజైము ఆ దారాలను కత్తిరించడం కూడా చూడవచ్చు. కొన్ని అరుదైన గడ్డల జబ్బులను అర్థం చేసుకోవడానికి ఈ దృశ్యం తోడ్పడింది.

ఏ వైపుకు?

ఎండోథీలియానికి రెండు ముఖాలున్నాయి. ఒకటి రక్తం వైపు, ఇంకొకటి గోడ వైపు. ప్లాస్టిక్ మీద పెంచితే కింది వైపు వదిలినది పాత్రకు అంటుకుపోతుంది. పైనున్న ద్రవాన్ని మాత్రమే కొలుస్తాం. సన్నని రంధ్రాలున్న పొర మీద కణాలు పెంచి పైగదిని, కిందిగదిని వేరువేరుగా కొలిచే ఏర్పాటు దీనికి విరుగుడు. అయినా గొడవ తీరలేదు. 1989లో లీ అన్ స్పోర్న్, విక్టర్ మార్డర్, డెనిసా వాగ్నర్ ఈ ఏర్పాటుతోనే చూసి, ప్రేరేపించినప్పుడు వాన్ విల్లెబ్రాండ్ కారకం ఎక్కువగా గోడ వైపుకే వెళ్తుందనీ, మామూలుగా కారేది రెండు వైపులకూ వెళ్తుందనీ చెప్పారు. 2016లో లండన్ నుంచి వచ్చిన పని దాదాపు తిరగేసి చెప్పింది. కణికల్లో నిల్వ ఉన్నది రక్తం వైపుకు, నిల్వ చేరకుండా నేరుగా కారే చిన్న అణువులు గోడ వైపుకు వెళ్తాయని. పొర రకం, పూత, కణాలు ఎంత బిగువుగా కలిసిపోయాయన్నది మారితే జవాబు కూడా మారుతుంది. ఎండోథీలియం రక్తస్రావాన్ని ఆపే తీరుతో పోల్చితే రెండో చిత్రమే ఎక్కువ పొసుగుతుంది.

ఇరుగుపొరుగు

పలచగా ఉన్న కణాలు, నిండుగా కలిసిపోయిన కణాలు ఒకే రకమైన ప్రోటీన్లు వదలవు. త్రాంబోస్పాండిన్ స్రావం పలచటి కల్చర్లలో ఎక్కువ. ఆవు బృహద్ధమని కణాల ద్రవంలో హెలీన్ సేజ్ బృందం 1984లో గుర్తించిన 43 కిలోడాల్టన్ల ప్రోటీన్ ఈ విషయంలో చక్కటి ఉదాహరణ. కణాలకు దెబ్బ తగిలినప్పుడు దాని స్రావం పెరుగుతుందని రెండేళ్ల తర్వాత వాళ్లే చూపారు. ఎముకలో దొరికిన ఆస్టియోనెక్టిన్ కూడా అదేనని తేలి, ఇప్పుడు స్పార్క్ పేరుతో ప్రసిద్ధమైంది. శరీరంలో అది గాయాల్లో, కణజాలం మారుతున్నచోట ఎక్కువగా కనిపిస్తుంది. కల్చర్ చేయడమే కణానికి ఒక దెబ్బ అనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం అరుదు.

రెండు రకాల కణాలను కలిపి పెంచినప్పుడు ఇంకో విశేషం. ఎండోథీలియల్ కణాలను విడిగా, పెరిసైట్లను విడిగా పెంచితే టీజీఎఫ్-బీటాను నిష్క్రియ రూపంలోనే వదులుతాయి. రెంటినీ తాకేలా కలిపితేనే అది క్రియాశీలమవుతుందని 1989లో పట్రీషియా డామోర్ ప్రయోగశాల చూపింది. పరిమాణం మాత్రమే కొలిచే పరీక్షకు ఈ తేడా చిక్కదు. నునుపు కండర కణాలకు ఇరుగుపొరుగుతో పాటు నాడి కొట్టుకునే లయ కూడా కావాలి. కుందేలు బృహద్ధమని కణాలను సాగే పొర మీద పెంచి లయబద్ధంగా సాగదీస్తే కొల్లాజెన్ తదితరాల తయారీ రెండు నుంచి నాలుగు రెట్లయిందని డోనాల్డ్ లియుంగ్, సీమోర్ గ్లాగోవ్, మార్టిన్ మాథ్యూస్ 1976లోనే చెప్పారు. విభజన మాత్రం పెరగలేదు. ప్లాస్టిక్ ఏమో సాగదు, పైగా నాళం గోడ కంటే వేల రెట్లు గట్టి.

కణం పేరే తప్పయితే

ప్రాథమిక కణాలు త్వరగా ముసలివవుతాయి కాబట్టి అంతులేకుండా పెరిగే కణ శ్రేణులు వచ్చాయి. 1983లో బొడ్డు సిర కణాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ కణంతో కలిపి చేసిన ఈఏ.హెచ్‌వై926 వాటిలో ప్రసిద్ధమైంది. వాన్ విల్లెబ్రాండ్ కారకాన్ని తయారుచేస్తుంది. అయినా సగం వంశం క్యాన్సర్‌దే అని మరవకూడదు. 1990లో ప్రకటించిన ఈసీవీ304 గతి మరీ అన్యాయం. తనంతట తాను రూపాంతరం చెందిన బొడ్డు సిర కణమని దాన్ని వందల ప్రయోగశాలల్లో వాడారు. దశాబ్దం చివర డీఎన్ఏ పరీక్ష చేస్తే అది టీ24 అనే మూత్రాశయ క్యాన్సర్ కణమని తేలింది. వాన్ విల్లెబ్రాండ్ కారకం దానిలో సరిగా కనబడకపోవడం ముందునుంచీ ఉన్న హెచ్చరికే. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

కొలత

స్రావాన్ని కొలవడానికీ కల్చర్‌ను మార్చక తప్పదు. పదో వంతు సీరం కలిపిన ద్రవంలో మిల్లీలీటరుకు మూడు నాలుగు మిల్లీగ్రాముల ఆవు ప్రోటీన్ ఉంటుంది. కణాలు వదిలేవి చాలావరకు నానోగ్రాముల్లో. మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఆల్బుమిన్ తప్ప ఇంకేదీ కనబడదు. అందుకని కొలతకు ముందు కణాలను కడిగి, సీరం లేని ద్రవంలో కొన్ని గంటలో ఒక రోజో ఉంచుతారు. ఆ పస్తులోనే కొన్ని కణాలు చచ్చి, లోపలి ప్రోటీన్లు బయటపడి స్రావం ఖాతాలో చేరతాయి. లాక్టేట్ డీహైడ్రోజనేజ్ అనే లోపలి ఎంజైము ద్రవంలో ఎంతుందో చూసి ఈ కల్తీని అంచనా వేస్తారు. బ్రెఫెల్డిన్‌తో స్రావ మార్గాన్ని మూసి, ఏ ప్రోటీన్ ఆగిపోయిందో చూడడం ఇంకో పరీక్ష. కడగడం సరిగా లేకపోతే కణాలకు అంటుకున్న సీరం ఫైబ్రోనెక్టిన్ తర్వాత మెల్లగా ఊడి వచ్చి, కణమే తయారుచేసిందన్న భ్రమ కలిగిస్తుంది. ఆవు, మనిషి ఫైబ్రోనెక్టిన్లు ఎంత దగ్గరంటే చాలా యాంటీబాడీలు వాటిని వేరుచేయలేవు.

2012లో జర్మనీ పరిశోధకులు వేరే దారి పట్టారు. మెథియొనిన్‌ను పోలిన అజైడోహోమోఅలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని ద్రవంలో కలిపితే కణాలు కొత్తగా తయారుచేసే ప్రోటీన్లలోకి అది చేరుతుంది. ఆ గుర్తున్న ప్రోటీన్లనే రసాయనికంగా పట్టి లాగవచ్చు. సీరం ఉన్నా ఇబ్బంది లేదు, కణాలు పస్తుండనక్కర్లేదు. అయితే ఆ గుర్తు బాగా పట్టాలంటే ద్రవంలోని మెథియొనిన్‌ను తీసేయాలి. అదీ కణానికి ఒక కొరతే. అందుకే ఈ పద్ధతిలో లేబులింగ్‌ను కొన్ని గంటలకే పరిమితం చేస్తారు.